కబురొచ్చేదాకా

మొన్న వనపర్తి బస్టాండు ఎదురుగా ఒక పెద్ద ఫ్లెక్సీ చూశాను. స్వస్థత సభలట, మూడు రోజులట. ఫ్లెక్సీ నిండా ఒక పిల్ల బొమ్మ. పదేళ్లుంటాయేమో. తెల్ల గౌను, చేతిలో మైకు, కళ్లు మూసుకుని పైకెత్తిన ముఖం. ఈ పిల్ల చెయ్యి పెడితే ఎంతటి రోగమైనా పోతుందని కింద రాశారు. దాన్ని చూస్తూ నిలబడి పెబ్బేరు బస్సు పోగొట్టుకున్నాను. పక్కన చెరుకురసం అమ్మే ఆయన "ఏందమ్మా, మీ పిల్లనా?" అని అడిగాడు. కాదన్నాను. నేనే అంటే నమ్మడు కదా.

నిజంగానే ఒక వానాకాలం మా ఊళ్లో నేను అలాంటి దాన్ని. మైకు లేదు, గౌను లేదు. మిగతా పొగరంతా ఉంది.

మాది వడ్డేపల్లి దిక్కు ఒక చిన్న ఊరు. మా నాయన తల్లిని మేము అవ్వ అనేవాళ్లం, ఊరు ప్రార్థనవ్వ అనేది. పొట్టి మనిషి. దగ్గరికి పోతే ఆముదం వాసన, కట్టెల పొయ్యి పొగ వాసన కలిసి వచ్చేవి. చదువు రాదు. ఎరువుల సంచి కత్తిరించి కుట్టిన చిన్న సంచిలో బైబిలు పెట్టుకుని తిరిగేది, నాతో చదివించుకునేది. నేను ఒక మాట ఎగరగొట్టి చదివితే చాలు, అక్షరం ముక్క రాని మనిషి, ఇట్టే పట్టుకునేది. "ఈడేందో ఇడిసినవ్ బిడ్డా, మళ్ల సూడు" అనేది. చూస్తే నిజంగానే ఒక మాట వదిలేసి ఉండేదాన్ని.

మాది రేకుల చర్చి. ఆదివారం గద్వాల నుంచి పాస్టరు అయ్యగారు టీవీఎస్ బండి మీద వచ్చేవారు. సంఘపెద్దలు ముందు చాప మీద కూర్చుంటే అవ్వ వెనక, చెప్పులు విడిచేచోట కూర్చునేది. అయ్యగారు ఒకసారి ముందుకు రమ్మని పిలిచారు. "ఈడ గాలి మంచిగొస్తది అయ్యగారు" అంది. అక్కడ గాలి రాదు, చెప్పుల వాసన వస్తుంది. పక్కన కూర్చునేది నేనే కాబట్టి నాకు తెలుసు.

చర్చికి రాని ఇళ్లవాళ్లు కూడా అవ్వ దగ్గరికి వచ్చేవాళ్లు. జములమ్మకు మొక్కు చెల్లించి వస్తూ దారిలో మా గడప దగ్గర ఆగేవాళ్లు కూడా ఉన్నారు. అవ్వ దానికి ఏమీ అనేది కాదు. పిల్లకు జ్వరం, కోడలికి కాన్పు కష్టం, ఎద్దు మేత ముట్టడం లేదు, ఏదైనా సరే విని, కొంగు తల మీదికి లాక్కుని, రెండు అరచేతులూ నేల మీద పెట్టి వంగేది. ఎవరి తల మీదా చెయ్యి పెట్టేది కాదు. ప్రార్థన కూడా రెండు మాటలే. "ప్రభువా, ఈ తల్లి ఏడుస్తుంది. నీకు కనపడుతనే ఉంది, జర సూడు." అంతే. అయిపోయిందా ఇంకా ఉందా అని వచ్చినవాళ్లు ఒక కన్ను తెరిచి చూసేవాళ్లు.

లేచేటప్పుడు మాత్రం ఒక మాట తప్పకుండా చెప్పేది: "ఎట్లున్నదో కబురు పంపుండ్రి." ఆ కబురు వచ్చేదాకా అవ్వ తినేది కాదు. నీళ్లు తాగేది, పొద్దున ఒక గ్లాసు నల్ల చాయ్ తాగేది. చేను పనికి పోయేది, వచ్చేది. అన్నం ముద్ద మాత్రం ముట్టేది కాదు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు కాబట్టి జ్వరం దిగగానే ముందు మా ఇంటికే పరుగెత్తుకొచ్చేవాళ్లు. "అవ్వా, పిల్ల లేచి కూసుంది, తిను" అని చెప్పి పోయేవాళ్లు. అవ్వ అప్పుడు జొన్నరొట్టె మీద ఇంత పల్లీల కారం వేసుకుని గడపలో కూర్చుని తినేది. దారిన పోయేవాళ్లు అది చూసి "అవ్వ తిన్నదంట" అని చెప్పుకునేవాళ్లు. ఆ మాటకు అర్థం ఒక్కటే, ఫలానా ఇంట్లో గండం గడిచిందని. చావు కబురు వచ్చినా తినేది, కాకపోతే ముందు ఆ ఇంటికి పోయి కూర్చుని, వచ్చి గంజి తాగేది. "అది గూడ కబురే గదా" అనేది.

ఒక ఆసామి ఎద్దు కోసం ప్రార్థన చేయించుకుని పోయాడు. మర్నాటికే ఎద్దు లేచింది. ఆ సంబరంలో మహానుభావుడు దాన్ని తోలుకుని పెబ్బేరు సంతకు పోయి, అమ్మి, అటే వాళ్ల అత్తగారి ఊరికి పోయాడు. మూడు రోజులు అవ్వ నీళ్ల మీద ఉంది. నాలుగో రోజు ఆయన దొరికితే మా అమ్మ నడివీధిలో పట్టుకుంది. "ఎద్దు మేత మేస్తుంది, నువ్వు అత్తగారింట్ల కోడికూర తింటున్నవ్, మా ముసల్ది ఎండుతుంది" అని ఏకిపెట్టింది. అవ్వ మాత్రం "మర్సిపోయిండంటే మంచిగున్నట్టే గదనే" అని నవ్వింది. మా అమ్మకు అత్త మీద ప్రేమ, కోపం రెండూ ఒకేసారి వచ్చేవి. ఎప్పుడు ఏది ముందొస్తుందో చెప్పలేం.

ఇక నా ఘనత. ఒకరోజు అవ్వ కట్టెలకు పోయినప్పుడు పక్క వాడ నుంచి ఒకామె వచ్చింది. బర్రె రెండు రోజులుగా చేపడం లేదు, పాలు ఇవ్వడం లేదు. అవ్వ లేదంటే నిట్టూర్చి వెనుదిరిగింది. "నేను చేస్త" అన్నాను. అంతకుముందు ఎండాకాలంలో గద్వాలలో సభలకు పోయి, తెల్లకోటు వేసుకున్న ప్రసంగీకుడిని చూసి వచ్చాను. ఆయన లాగే బర్రె నుదుటి మీద అరచెయ్యి పెట్టి, గొంతు చించుకుని అరిచాను. బర్రె బిత్తరపోయింది. సాయంత్రం చెంబు నిండా పాలిచ్చింది.

అంతే, నాకు కొమ్ములు మొలిచాయి. మనవరాలికి అవ్వకన్నా ఎక్కువ శక్తి ఉందని వాడంతా పాకింది. ఒకరికి పంటి నొప్పి, ఒకరికి మెడ పట్టు, ఇంకొకరి కోడి గుడ్లు పెట్టడం లేదు. ఏది చూసినా తగ్గింది. వాటిలో సగం తమంతట తామే తగ్గేవని ఇప్పుడు తెలుసు, అప్పుడు తెలియదు. ప్రార్థన కాగానే చేతిలో ఏదో ఒకటి పెట్టేవాళ్లు. బెల్లం ముక్క, మురుకులు, జామకాయ, ఒక ఇంట్లో అయితే నువ్వులుండ. అక్కడికక్కడే తినేదాన్ని. అవ్వ తినకపోవడం ముసలివాళ్ల చాదస్తమనుకున్నాను.

అవ్వ నన్ను తిట్టలేదు. ఒకసారి నేను అరుస్తుంటే వెనక నిలబడి విని, ఇంటికొచ్చాక అంది: "ప్రార్థన చెయ్యుడు మంచిదే బిడ్డా. గని జర మెల్లగ చెయ్యి. ఆయనకు చెవుడు లేదు." నా పేరు చూసి కుళ్లుకుంటోందనుకున్నాను. దేవుడు నన్ను క్షమించాలి, నిజంగా అలాగే అనుకున్నాను. ఆ రోజుల్లో అవ్వ "కడుపుల మంచిగలేదు" అంటూ తన రొట్టె నా పళ్లెంలో వేసేది. ఎందుకని నేను అడగలేదు. రెండు రొట్టెలూ తిన్నాను.

అది సీడు పత్తి కాలం. మా దిక్కు వానాకాలం వచ్చిందంటే ఆడవాళ్లు, బడి లేని రోజు పిల్లలు, అందరూ ఆ చేలల్లోనే. మధ్యాహ్నం ఆడ చెట్ల మొగ్గలు ఒలిచి గుర్తుకు ఎర్ర కాగితం తొడగాలి. మర్నాడు పొద్దున మగపూలు తెంపుకొచ్చి, ఒలిచిన మొగ్గ మీద ఒక్కొక్కదానికీ రుద్దాలి. దీన్నే క్రాసింగు అనేవాళ్లం. ఏ రోజు పువ్వు ఆ రోజే. ఒక్కరోజు చేను వదిలితే ఆ పూతంతా వృథా. వేళ్లకు పసుపు అంటుకుని, అన్నం తిన్నా పూల వాసనే వచ్చేది. మేము పోయే చేను ఆసామి భార్యను పటేలమ్మ అనేవాళ్లం. పేరుకే పటేలమ్మ. చేను కౌలుది, ఆమె కూడా మాతోపాటు తెల్లారకముందే సాలులో ఉండేది. మనిషి మంచిది, కడుపునిండా పెట్టేది. మా వాళ్లకు నీళ్లు మాత్రం పైనుంచి దోసిట్లో పోసేది. అదేమిటని ఆమె అనుకోలేదు, మేమూ అనుకోలేదు.

ఆమెకు ఒక్కడే కొడుకు, మూడేళ్లవాడు. వాడికి నాలుగు రోజులుగా జ్వరం. ఊరి ఆరెంపీ డాక్టరు సూదులు వేసి, దిగకపోయేసరికి చేతులెత్తేశాడు. గద్వాల పెద్ద దవాఖానకు తీసుకుపోయి రక్తం చూపించమన్నాడు. ఆరోజు ఆదివారం. ఆరాధన కాగానే చేనుకు పోయాను. అవ్వ తన చెల్లెలికి బాగాలేదని ముందురోజే వాళ్ల ఊరికి పోయింది. పటేలమ్మ కొడుకును గట్టు మీద చీర కట్టిన నీడలో పడుకోబెట్టి, పది మొగ్గలు ఒలిచి ఒకసారి వచ్చి చూసుకుంటోంది. పటేలు ఆటో మాట్లాడతానంటున్నాడు. చేను విరగబూసి ఉంది.

అన్నాల వేళ పటేలమ్మ నన్ను పిలిచింది. "అవ్వ ఎప్పుడొస్తది?"

"పొద్దుగూకంగ వస్తది."

"నువ్వే జర ప్రార్థన చెయ్యి బిడ్డా."

చేశాను. పిల్లవాడి నుదురు నా చేతి కింద రొట్టె పెనంలా కాలుతోంది. ఎప్పటికన్నా గట్టిగా అరిచాను. పక్క చేనువాళ్లు కూడా లేచి చూశారు. ఆమేన్ అనగానే పటేలమ్మ తన సద్దిమూట విప్పి రెండు కజ్జికాయలు నా చేతిలో పెట్టింది. కొబ్బరి, బెల్లం, యాలకుల వాసన. నేను కొరికాను. ఆమె కొడుకు వైపు చూడడం లేదు, నా నోటి వైపు చూస్తోంది. మొదటిది అయిపోయింది, రెండోది సగమైంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తిన్నవా బిడ్డా? అయితే తగ్గినట్టేనా?"

ఆమె ఎందుకలా అడుగుతోందో ఆ క్షణంలో నాకు తెలుసు. ఊళ్లో అవ్వ తిన్నదంటే అర్థమేమిటో తెలియనిదాన్ని కాదు. నోటినిండా కజ్జికాయ ఉంది. తల ఊపాను.

పటేలమ్మ కళ్లు తుడుచుకుని మొగుణ్ని కేకేసింది. "ఆటో వద్దులే. పిల్ల తిన్నది. రేపటికి నిమ్మళమైతడు." ఇద్దరూ సాళ్లలోకి వెళ్లిపోయారు. నేను బెల్లం అంటిన వేళ్లు నాకుతూ ఇంటికి వచ్చాను.

దీపాలు పెట్టే వేళకు అవ్వ బస్సు దిగి వచ్చింది. నా గొప్ప నేనే చెప్పుకున్నాను. అవ్వ ఒక్కటే అడిగింది.

"ఆమె ముందటనే తిన్నవా?"

"తిన్న. రెండు."

అవ్వ సంచి కింద పెట్టలేదు. ఉన్నపళంగా వెనక్కి తిరిగింది. నేను వెనకాలే పరుగెత్తాను. అంత వయసులో ఆమె అంత వేగంగా నడవగలదని అప్పటిదాకా తెలియదు. పటేలు ఇంట్లో పిల్లవాడు కళ్లు తేలేసి ఉన్నాడు. కాళ్లు చల్లబడ్డాయి, పిలిస్తే పలకడం లేదు. పటేలమ్మ వాణ్ని ఒళ్లో వేసుకుని అవ్వను చూడగానే అంది: "మీ పిల్ల తిన్నది గదవ్వా. తగ్గుతదనుకున్న. తిన్నది గదా."

నేను స్తంభం వెనక్కి జరిగాను. అవ్వ నా వైపు చూడనేలేదు. గడప బయటే నేలమీద కూర్చుని తల నేలకు ఆనించింది.

"తప్పు నాది తల్లీ. పిల్లకు నేను చెప్పియ్యాల్సింది, చెప్పియ్యలె. నా పాపం నీ కొడుకు మీదికి రావొద్దు. ఇప్పుడు ప్రార్థన వద్దు, ముందు దవాఖానకు నడువుండ్రి."

పటేలు కోపంతో ఊగిపోయాడు. ముసల్దాని మాటలు నమ్మి కొడుకును పోగొట్టుకుంటున్నామని నలుగురి ముందు అన్నాడు. అవ్వ ఆటో రాగానే తనే ముందు ఎక్కి, పిల్లవాడి కాళ్లు ఒళ్లో పెట్టుకుని రుద్దుతూ కూర్చుంది. దిగమని చెప్పే తీరిక కూడా వాళ్లకు లేకపోయింది.

ఇంటికొచ్చాక అమ్మ అన్నం పెట్టింది. తిననన్నాను. కబురొచ్చేదాకా తిననన్నాను. అమ్మ పళ్లెం పక్కన పెట్టి నన్ను చూసింది.

"ఇన్ని దినాల సంది నువ్వు ఒర్లిన ప్రతి ప్రార్థనకు ఎవరు కడుపు మాడ్సుకున్నరనుకున్నవే? నువ్వు తిని ఆడుకోను పోతవ్. ఆమె నీ ఎనుక పోయి, వాళ్ల గడప కాడ నిలబడి, ఎట్లున్నదని అడుక్కోని వస్తది. పంటి నొప్పికి గూడ ఉపాసమున్నది. కోడికి గూడ."

సిగ్గుతో ఒళ్లంతా మండింది.

ఆ రాత్రి, మర్నాడు పొద్దున తినకుండా ఉన్నాను. మధ్యాహ్నానికి కళ్లు తిరిగాయి. మూలన గంపలో పచ్చి వేరుశనక్కాయలున్నాయి. ఒకటి వలిచాను, తర్వాత ఎన్ని వలిచానో తెలియదు. పొట్టు తీసుకుపోయి పెరట్లో పాతిపెట్టాను. ఆ పిల్లవాడు చచ్చిపోతాడు, చంపింది నేనే అనుకుంటూ గోడవారగా ముడుచుకుని కూర్చున్నాను. ఆకలికి ఓడిపోయిన పిల్లకు వచ్చే భయం ఎంత పెద్దదో పెద్దవాళ్లకు తెలియదు.

మూడో రోజు సాయంత్రం కిరాణా కొట్టులోని కాయిన్ బాక్సు ఫోనుకు కబురొచ్చింది. మెదడుకెక్కే మలేరియా అట. ఇంకో పూట ఆలస్యమైతే చేసేదేమీ లేకపోవునని డాక్టరు అన్నాడట. కళ్లు తెరిచాడు, నీళ్లు అడిగాడు. కొట్టు ఆయన మా వాకిట్లోకి వచ్చి, "అవ్వ తిన్నదంట" అన్నాడు. దవాఖాన వరండాలో పటేలమ్మ, అవ్వ ఒకే పొట్లంలోంచి ఇడ్లీ తిన్నారని అవ్వ తర్వాత చెప్పింది. అదేదో మామూలు సంగతిలాగే చెప్పింది.

అవ్వ వచ్చిన రోజు ఆమె కాళ్ల దగ్గర కూర్చుని అంతా చెప్పేశాను. తల ఊపిన సంగతి, వేరుశనక్కాయల సంగతి.

"నేను తిన్నా గూడ బతికిండవ్వా" అన్నాను.

"మరి? నా ఆకలితోని బతికిండనుకున్నవా? డాక్టరు సూదులేసిండు, దేవుడు దయ సూసిండు."

"అయితే నువ్వెందుకు తినవు?"

అవ్వ కొంచెంసేపు కాళ్లు ఒత్తుకుంది. "ఆ తల్లికి ముద్ద దిగదు బిడ్డా. నేనెట్ల తింట? నాకేం శక్తున్నది, చదువా, గొంతా. ఆమె పక్కన కూసోనీకె మాత్రం చాతనైతది. అందుకే కూసుంట."

తర్వాత చాలా రోజులు మా గడపకు ఎవరూ రాలేదు. ముసల్దాని ప్రార్థనకు బలం తగ్గిందన్నారు. చర్చిలోనూ గుసగుసలు పోయాయి. అయ్యగారు అడిగితే అవ్వ అక్కడ కూడా అదే చెప్పింది, "తప్పు నాదే అయ్యగారు" అని. నా పేరు ఎత్తలేదు. నేను పక్కనే ఉన్నాను. బర్రె మీద అరిచినంత గొంతు ఆరోజు ఎక్కడికి పోయిందో.

క్రాసింగు ముగిసే వారం, చేలో పటేలమ్మ ఒక్కతే ఉన్నప్పుడు ధైర్యం చేసుకున్నాను. "అవ్వ తప్పు లేదు పటేలమ్మా. నేనే ఊరికె తల ఊపిన. నాకు తెలిసే ఊపిన."

ఆమె చేతిలో మగపువ్వు అలాగే ఉండిపోయింది. మెల్లగా అంది: "నాకు తెల్వదా బిడ్డా. పదేండ్ల పిల్లవు, కజ్జికాయ సూస్తే తింటవ్. ఆ దినం పూత మస్తుగున్నది. ఇడిసి పోబుద్ధి కాలె. నువ్వు తింటె చాలు, ఆగొచ్చు అని నీ నోట్లెకే సూసిన. తగ్గిందని నమ్మలె. నమ్మాలనుకున్న."

అని, మళ్లీ వంగి పువ్వు రుద్దడం మొదలుపెట్టింది. ఆమె భుజాలు కదులుతున్నాయి. నేను పక్క సాలు పట్టుకుని ఆమెతో సమంగా చివరిదాకా పోయాను.

ముగ్గురిలో తప్పు లేనిది అవ్వ ఒక్కతే. తప్పు నాదని ఊరి ముందు మోసిందీ ఆమె ఒక్కతే. ఇది తర్వాతెప్పుడో పెద్దయ్యాక అర్థమైంది. ఆరోజు మాత్రం పరుగెత్తుకొచ్చి, పటేలమ్మ అన్న మాట అవ్వకు చెప్పేశాను. ఇక ఊళ్లో చెప్పొచ్చు, నీ పేరు మళ్లీ నిలబడుతుంది అన్నాను. అవ్వ నా నోటి మీద చెయ్యి పెట్టింది. ప్రార్థన కోసం కూడా ఆమె ఎన్నడూ నా మీద చెయ్యి పెట్టలేదు.

"ఆ మాట నీకు చెప్పిందంటె ఎంత ఏడ్సి ఉంటదో. ఎన్నడు ఎత్తకు. ఆమె బతికున్నన్ని దినాలు ఎత్తకు, ఆమె కొడుకు చెవున అసలే పడొద్దు. తల్లి గదా."

అవ్వ పోయి చాలా కాలమైంది. పటేలమ్మ కిందటి ఎండాకాలం పోయింది. ఆ కొడుకు ఇప్పుడు నిండు మనిషి, ఆ దిక్కే ట్రాక్టరు నడుపుకుంటున్నాడు, ఎక్కడైనా కనబడితే అక్కా అని పలకరిస్తాడు. అందుకే ఇందులో ఎవరి పేరూ రాయలేదు.